ఉప్పునీళ్లు మోసిన చెల్లెలు: వాకాడు అవతల రేవు ఊరికి ఒక ప్రయాణం

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. మా చెల్లెలు చెంగమ్మ పులికాట్ సరస్సు ఒడ్డున, వాకాడు దాటాక వచ్చే ఒక చేపలవాళ్ల ఊళ్లో ఉంటుంది. మొగుడు పోయాక ఎండుచేపలు అమ్ముకుంటూ బతుకుతోంది. ఫోను చేసి, "అక్కా, రేపు మా ఊళ్లో బహిరంగ విచారణంట. రేవు మెట్లు ఎందుకు పగిలిపోయినాయో జనం ముందర అడుగుతారంట. నేను లేచి చెప్పేస్తా" అంది. ఇంక నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ మెట్ల పని దగ్గరుండి చేయించింది ఎవరో కాదు, దాని సొంత మరిది వెంకటేశు. అతని పడవలో పడ్డ చేపల్లో ఇంత భాగం ఇస్తేనే దీనికి ఎండబెట్టుకోవడానికి సరుకు. అతను మొహం తిప్పుకుంటే దీని పొయ్యి వెలగదు. పైగా పట్నంలో ఉండే కాంట్రాక్టరు ఊరుకుంటాడా? నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, చట్టాలు తెలియవు. భయపడటం మాత్రం బాగా తెలుసు. ఎలాగైనా దాని నోరు మూయించి రావాలని బయల్దేరాను. ఇలాంటి సభ చూద్దామని ఆ వైపు వెళ్లేవాళ్లకి పనికొస్తుందని దారి సంగతులు కూడా కలిపి రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. రాయొద్దని వాళ్లే అడిగారు.

నెల్లూరు బస్టాండులో ఆరింటికల్లా గూడూరు బస్సు ఎక్కాను. నేరుగా వాకాడు పోయే బస్సు కోసం కాచుకోవడం కంటే గూడూరులో మారడం మేలు. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. కార్డు ఉందో లేదో అని నేను సంచి జిప్పు తీసి చూసి, వేసి, మళ్లీ తీసి చూస్తుంటే పక్కన కూర్చున్నామె, "దానికేం రెక్కలొచ్చి ఎగిరిపోదులేమ్మా" అని నవ్వింది. గూడూరుకి గంట పైన పట్టింది. అక్కడ రెండు ఇడ్లీ తిని, టీ తాగి, కోట మీదుగా వాకాడు పోయే బస్సు పట్టుకున్నాను. కిటికీ పక్కన చోటు దొరికితే వదలకండి. కోట దాటాక పచ్చటి వరిచేలు, వాటి పక్కనే రొయ్యల గుంటలు, ఆ తర్వాత స్వర్ణముఖి. చూస్తుంటే కాసేపు నా భయం కూడా మరిచిపోయాను. వాకాడులో దిగేసరికి తొమ్మిదిన్నర.

అక్కణ్ణుంచి ఆటో తప్ప గతి లేదు. మనిషికి నలభై, కానీ నిండేదాకా కదలదు. ఒక్కరే పోవాలంటే మూడొందలు. నేను తొందరలో ఉన్నానని చూసి ఆటో మస్తాన్ రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు.

"మీటింగుకేనా పెద్దమ్మా? పొద్దున్నుంచీ అందరూ ఆ ఊరికే. కుర్చీలు కూడా నా ఆటోలోనే పోయినాయి. బాడుగ బేరమాడలా వాళ్లు. విదేశీ డబ్బంటే అట్టుంటాది" అన్నాడు.

"ఏ దేశం వాళ్లు నాయనా?"

"ఏందో దేశం, మంచు పడతాదంట. మన మెట్లు పగిలితే వాళ్లకేం నొప్పి అని నేనూ అడిగినా ఆ మీటింగు పెట్టే ఆఫీసు పాపని. మెట్లకి డబ్బు పెట్టింది మన సర్కారే. ఆ డబ్బు యాడికి పోయిందో మనం అడిగేదానికి వాళ్లు సాయం చేస్తారంట. చూసినావా! దొంగ మనూరోడు, లాంతరు పక్కూరోళ్లది."

"వాళ్ల దేశంలో లంచాలు లేవా?"

"ఉండకుండా ఉంటాయా? మంచులో కప్పెట్టి ఉంటారు" అని వెనక్కి తిరిగి నవ్వాడు.

"నవ్వింది చాల్లే. ముందుకి తిరిగి రోడ్డు చూడు నాయనా, నీకు పుణ్యముంటుంది" అన్నాను. రోడ్డు చివర రెండు మైళ్లు ఇసుక. ఆటో పడవలా ఊగుతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు వెనక సీట్లో మధ్యన కూర్చోవడం మంచిది.

చెంగమ్మ ఇంటికి పోకముందే రేవు దగ్గర దిగి ఆ మెట్లు చూశాను. సరస్సు ఆరోజు కదలకుండా, ఆరబెట్టిన చీరలా ఉంది. దూరంగా బురదలో కొంగలు. ఒడ్డున మాత్రం మెట్లు చూస్తే భయమేసింది. కట్టి రెండు వానాకాలాలు కూడా కాలేదట, అంచులు పిండిలా రాలిపోయి లోపలి ఇనుప కడ్డీలు తుప్పుపట్టి బయటికి పొడుచుకొచ్చాయి. చేపల గంప నెత్తిన పెట్టుకుని దిగుతూ మా చెల్లెలు జారింది ఇక్కడే. అప్పటి నుంచి దాని కుడి మోకాలు సరిగా వంగదు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు.

నన్ను చూడగానే చెంగమ్మ గడపలోనే అంది, "నువ్వొచ్చింది మీటింగు చూసేదానికి కాదు. నా నోరు మూసేదానికి."

"అవును, దానికే వచ్చాను" అన్నాను. దాచడమెందుకు? "వెంకటేశు చేపలివ్వకపోతే ఏం తింటావు? ఆ కాంట్రాక్టరు మనుషుల్ని పంపిస్తే?"

"పంపనీ. వాళ్లూ ఆ మెట్ల మీదే గదా దిగాల, జారి పడతారు" అని నవ్వి, మళ్లీ మెల్లగా చెప్పింది. "అక్కా, ఆ మెట్లు కట్టేటప్పుడు నీళ్లు మోసింది మేమే, మా ఊరి ఆడోళ్లం. సిమెంటు కలిపేదానికి ట్యాంకరుతో మంచినీళ్లు తోలించాల. కాగితంలో తోలించినట్టే ఉండాదంట. ఒక్క ట్యాంకరూ రాలా. సరస్సులో నీళ్లే బిందెలతో ముంచి పోసినాం. ఉప్పునీళ్లు. నేను మోసిన నీళ్లే నా కాలు తీసినాయి. రేపు ఏ కడుపుతో ఉండే పిల్లో జారితే?"

నాకు జాలేసింది కానీ భయం అంతకంటే పెద్దది. దాని చెయ్యి తీసుకుని నా తలమీద పెట్టుకున్నాను. "నీ అంతట నువ్వు లేచి నోరు తెరవనని నా మీద ఒట్టు వెయ్యి" అన్నాను. నా మొహంలోకి చూసింది. "ఇంత దూరం ఎండలో దీనికొచ్చినావు" అని, ఒట్టు వేసింది. అప్పుడు పెట్టింది అన్నం. రొయ్యల వేపుడు, చింతకాయ పచ్చడి. నేను కడుపునిండా తిన్నాను. అది కెలికి వదిలేసింది.

సభ మధ్యాహ్నం మూడింటికి. తుఫానొస్తే జనం తలదాచుకునే భవనం ముందు షామియానా వేశారు. అక్కడ రేవతి అనే అమ్మాయి కుర్చీలు సర్దుతూ కనిపించింది. ఆ విదేశీ సాయంతో నడిచే సంస్థలో పనిచేస్తుంది, పాతికేళ్లుంటాయి. మొహం వాడిపోయి ఉంది. "ఏమ్మా, తిన్నావా?" అని అడిగితే కన్నీళ్లొక్కటే తక్కువ.

"ఇవాళ ఎవరో ఒకరు లేచి చెప్పకపోతే, మెట్లు ఉప్పుగాలికి పాడైపోయాయని రాసి మూసేస్తారమ్మా. మండలం నుంచి సారు వస్తున్నారు, ఇంజనీరునీ పిలిపించాం. కానీ కళ్లతో చూసినవాళ్లు చెప్పాలి కదా. ఈ ఊళ్లో నాతో అందరూ బాగా మాట్లాడతారు. మెట్ల సంగతి ఎత్తితే మాత్రం వాతావరణం గురించి చెప్తారు" అంది. తర్వాత గోడకున్న ఒక స్టీలు పెట్టె చూపించింది. పైన సన్నటి సందు, కింద తాళం. "ఎవరికీ తెలియకుండా ఫిర్యాదులు వేస్తారని పెట్టాం. తెరిచిన ప్రతిసారీ లోపల తాటాకు ముక్కలు. నన్ను వెక్కిరిస్తున్నారనుకున్నాను."

వెనక నుంచి ఊరిపెద్ద సుబ్బన్న నొచ్చుకుంటూ కలగజేసుకున్నాడు. "వెక్కిరింత కాదు తల్లీ. సరస్సులో వల వేసే చోట్లకి మేం చీటీ వేసుకుంటాం గదా, దానికి వాడుకుంటుండాం. ఇంటికొక గుర్తు, తాటాకు ముక్క మీద. ముందర కుండలో వేసి తీస్తుంటిమి. తీసేవోడు లోపల తడిమినాడని ఒకటే తగవు. నీ పెట్టె తలకిందులు చేసి ఊపితే సందులోంచి ఒకటే రాలతాది. ఎవుడి చెయ్యీ లోపలికి పోదు. నువ్వు తెచ్చిన వస్తువుల్లో ఇదే బాగుండాది."

రేవతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను అడిగాను, "ఈ డబ్బు పంపించేదెవరమ్మా, వాళ్ల రాజా?" కాదు, ఆ దేశంలో మామూలు జనం కట్టే పన్నుల్లోంచే ఇస్తారని చెప్పింది. నాకు కొత్త బెంగ పట్టుకుంది. ఆ జనంలో నాలాంటి ముసలమ్మ కూడా ఒకామె ఉంటుంది కదా. చలిలో కూర్చుని లెక్క చూసుకుని కట్టి ఉంటుంది. ఆమె రూపాయి మస్తాన్ ఆటోలో కుర్చీలై వచ్చింది. ఆ కుర్చీల్లో కూర్చుని అందరం నోరు మూసుకుని ఇంటికి పోతే?

మూడున్నరకి సభ మొదలైంది. మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లం పక్కన చాపల మీద. షామియానా కట్టించింది, మైకు తెప్పించింది అంతా వెంకటేశే. ఊళ్లో ఏ పనికైనా అతనే ముందుంటాడట. చెడ్డవాడిలా లేడు. చెమట తుడుచుకుంటూ అందరికీ మజ్జిగ ఇచ్చాడు, నాకు రెండు గ్లాసులు. ఇంజనీరు చిన్న సుత్తితో మెట్టు కొట్టి రాలిన ముక్క తెచ్చి బల్లమీద పెట్టాడు. మండలం అధికారి, "పని జరిగినప్పుడు చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. గాలికి షామియానా తపతపా కొట్టుకోవడం వినిపించింది. రేవతి ఒక్కొక్కరి మొహం చూస్తోంది. చెంగమ్మ నా మొహం చూస్తోంది. నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

సుబ్బన్న లేచాడు. "సార్, మా వాళ్లకి భయం కాదు. ఒకడు లేచి చెప్తే వాడి మీద ఇంకొకడికి పగ. అదే చీటీలో వస్తే పగ లేదు. చీటీలో మంచి చోటు వచ్చినోడికి ఎంత రొయ్య పడినా మేం ఏడవం. అది ఊరి మాట. నీళ్లు మోసినోళ్ల పేర్లతో చీటీ వేస్తాం. ఎవురికొస్తే వాళ్లు చూసింది చూసినట్టు చెప్పాల. వాళ్లని ఎవురూ ఏమీ అనకూడదు."

కుర్చీల్లోంచి ఒకాయన, "మోసింది ఆడోళ్లు గదా, ఆడోళ్లకి చీటీలో గుర్తులు యాడుండాయి?" అన్నాడు.

"బిందెలు మాకిచ్చేటప్పుడు గుర్తు రాలేదే నీకు?" అని మా చాప మీద నుంచి ఒకామె. అందరూ నవ్వారు. నవ్వులోనే ఒప్పుకున్నట్టయింది. గోడ మీది పెట్టె దించారు. నీళ్లు మోసిన ఆడవాళ్లు ఎవరికి చేతికందింది వాళ్లు వేశారు. ఒకామె తలపిన్ను, ఒకామె చొక్కా గుండీ, ఇంకొకామె పగిలిన గాజుముక్క. చెంగమ్మ కొంగుముడి విప్పి ఒక చింతగింజ తీసింది.

"ఒట్టేశావు" అని దాని చెవిలో అన్నాను.

"నోరు తెరవనన్నా. గింజ వెయ్యనన్లా" అంది, వేసేసింది.

అన్ని వస్తువుల్లో దీనిదే వస్తుందా అని నాకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను. సుబ్బన్న సరస్సు వైపు తిరిగి కళ్లు మూసుకుని పెట్టె ఊపాడు. తలపిన్ను తొంగిచూసి మళ్లీ లోపలికి పోయింది. "సిగ్గుపడతాందిరా" అన్నారెవరో. ఇంకోసారి ఊపాడు. చింతగింజ రాలింది.

ఎవరిదని అడగాల్సిన పని లేకపోయింది. చెంగమ్మ లేవలేదు. మోకాలి వల్ల కాదు. నా వైపే చూస్తూ కూర్చుంది. నేను సరే అంటే తప్ప లేవదని నాకు అర్థమైంది. చిన్నప్పటి నుంచీ అంతే, నా మీద ఒట్టు వేసి ఏనాడూ తప్పలేదు. వెంకటేశు మైకు దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని చూస్తే భయం, దీన్ని చూస్తే జాలి, బల్లమీద ఆ ముక్క చూస్తే దిగులు. సభంతా మా ఇద్దరి కోసం ఆగింది.

"ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. లేయ్" అన్నాను.

దాని చంకకింద చెయ్యి వేసి లేపాను. నిజానికి అదే నన్ను నడిపించిందని చెప్పాలి. మైకు స్టాండు మగవాళ్ల ఎత్తున ఉంది. వెంకటేశు మర తిప్పి, దాన్ని మా చెల్లెలి నోటి ఎత్తుకి దించి, పక్కకి జరిగాడు.

"నా పేరు చెంగమ్మ. మెట్లకి నేను నీళ్లు మోసినా. సరస్సు నీళ్లే, ఉప్పునీళ్లు. ట్యాంకరు రాలా. మా మరిది మొదటిరోజు కాంట్రాక్టరుకి ఫోను చేసి అడిగినాడు, ఈ నీళ్లు కలపొచ్చునా అని. ఆయప్ప తిట్టిన తిట్లు బయటికి వినబడినాయి. తర్వాత మా మరిది మమ్మల్ని మొయ్యమన్నాడు, మేం మోసినాం. కూరలో ఉప్పు జాస్తి అయితే తెలిసే మాకు, దీంట్లో తెలీదా? తెలిసే మోసినాం. అంతే సార్."

అధికారి వెంకటేశు వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు. అతను, "నిజమే సార్. నేనే మొయ్యమన్నా" అన్నాడు. ఆ తర్వాత చాప మీద నుంచి తలపిన్ను ఆమె, గుండీ ఆమె, ఒకరి తర్వాత ఒకరు చీటీ రాకపోయినా లేచి నిలబడ్డారు. రేవతి ముక్కు ఎగబీలుస్తూ రాసుకుంది.

సాయంత్రం చివరి ఆటో వదిలేసి చెంగమ్మ దగ్గరే ఉండిపోయాను. గడపలో కూర్చుని, "ఇంక వాళ్లింటితో రాకపోకలుండవు" అని నేను ఏడుపు మొహం పెట్టుకుంటే, వెంకటేశు పెళ్లాం కాంతమ్మ గిన్నెతో వచ్చి, గడప మీద పెట్టి పోయింది. కొయ్యింగ చేపల పులుసు. మొదటి ముద్దకే నాకు కళ్లనీళ్లు, ముక్కునీళ్లు.

"చూసినావా, ఎంత కోపంగా ఉండాదో!" అని చెంగమ్మ నీళ్లు తాగుతూ నవ్వింది. "ఎప్పుడూ రెండు మిరపకాయలే వేస్తాది." ఇద్దరం ఆ గిన్నె ఊడ్చి తిన్నాం.

పొద్దున నేను బయల్దేరేసరికి పడవలు ఇంకా తిరిగి రాలేదు. చేపల భాగం ఇస్తాడో లేదో చూడకుండానే ఆటో ఎక్కాను. నెల్లూరు చేరి ఫోను చేస్తే, "చేపలు కడుగుతుండా, చేతులు ఖాళీ లేవు, తర్వాత మాట్లాడతా" అని పెట్టేసింది. అది నా ఫోను మధ్యలో పెట్టేస్తే నాకు సంతోషమైంది ఆ ఒక్కసారే.

మెట్లు మళ్లీ కడతారా, ఆ కాంట్రాక్టరు చేత కట్టిస్తారా, ఆ కాగితం ఏ బల్లకింద పడి ఉంటుందో నాకు తెలియదు. పై సంవత్సరం ఆ దేశం వాళ్లు సాయం ఆపేస్తే రేవతి ఏమవుతుందో అదీ తెలియదు. ఆలోచిస్తే భయమే. కానీ ఎక్కడో చలిదేశంలో పన్ను కట్టిన ఆ ముసలమ్మకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండునని అనిపిస్తుంది. అమ్మా, నువ్వు పంపిన పెట్టెలో ఎవరూ ఫిర్యాదు వేయలేదు, నొచ్చుకోకు. వాళ్ల పద్ధతిలో వాళ్లు దాన్ని తలకిందులు చేశారు, అప్పుడు పనికొచ్చింది. నీ డబ్బు షామియానా వేసింది, సుత్తి పట్టుకున్న మనిషిని తెచ్చింది. మాట మాత్రం వాళ్లదే. దానికి ధర కట్టకు, నీది ఏదీ వృథా కాలేదు.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. బయటి ఊరి నుంచి వచ్చారని మిమ్మల్ని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెడతారు. వద్దని చెప్పి, ఆడవాళ్ల పక్కన చాప మీద కూర్చోండి. అక్కడ ఎవరైనా లేవాల్సి వస్తే పక్కన ఒక చెయ్యి అవసరం పడుతుంది.